తొలినాటి అమెరికా ఓడల యార్డుల్లో న్యాయమైన కూలి: ఎవరికి, ఎంత, ఏ రూపంలో?

తీరరేఖ:
అమెరికా తొలినాటి ఓడల యార్డుల గురించి చదువుతున్నప్పుడు నాకు ఒక విషయం కొరుకుడు పడలేదు. పనితనం తెలిసిన ఓడల వడ్రంగి అక్కడ దొరకడమే గగనంగా ఉన్న కాలం అది. 1724లో థేమ్స్ ఒడ్డున ఓడలు కట్టించే యజమానులు, తమ పనివాళ్ళు న్యూ ఇంగ్లండ్‌కు తరలిపోతున్నారని రాజుగారికే మొర పెట్టుకున్నారు. అటువైపు అడవి నిండా కలప, తీరం పొడవునా రేవులు ఉన్నాయి గాని, పని చేసే చేతులు చాలలేదు. అలాంటప్పుడు ఆ చేతులకు అడిగినంత కూలి దక్కి ఉండాలి కదా? మరి 1832లో బోస్టన్‌లోనూ, 1835లో వాషింగ్టన్ నేవీ యార్డులోనూ రోజుకు పది గంటల పని కోరుతూ పని ఆపిన వాళ్ళు అనుకున్నది సాధించకుండానే తిరిగి పనిలోకి ఎందుకు వెళ్ళవలసి వచ్చింది? అదే కోరిక 1840లో అధ్యక్షుడి ఒక్క ఉత్తర్వుతో ఎలా తీరింది? ఈ కాలాన్ని లోతుగా చదివిన సభ్యులు వివరిస్తే బాగుంటుంది.

పాతచిట్టా:
తీరరేఖ గారూ, కొరత ఉన్నచోట కూలి పెరుగుతుందన్న లెక్క ఆ వలస ప్రాంతాల పాలకులకు కూడా బాగా తెలుసు. అందుకే వాళ్ళు మొదట చేసిన పనుల్లో ఒకటి కూలికి గరిష్ఠ పరిమితి పెట్టడం. 1630 ఆగస్టులో మసాచుసెట్స్ బే పాలకమండలి వడ్రంగులు, ఇటుక పనివారు, రంపపు పనివారు మొదలైనవాళ్ళు రోజుకు రెండు షిల్లింగులకు మించి తీసుకోకూడదని శాసించింది. అది నిలవలేదు. కొన్ని నెలలకే ఎత్తేశారు, 1633లో మళ్ళీ పెట్టారు, ఆ తరువాత ఆ తలనొప్పిని ఊళ్ళకు అప్పగించారు. గవర్నర్ విన్‌త్రాప్ కోసం మిస్టిక్ నదిపై కట్టిన ‘బ్లెస్సింగ్ ఆఫ్ ది బే’ ఓడ 1631 జులైలో నీటిలోకి దిగిందంటే, కూలిపై ఆంక్షలూ అక్కడి ఓడల నిర్మాణమూ దాదాపు ఒకేసారి పుట్టాయన్నమాట.

పనివాళ్ళు కూడా తమ వృత్తికి తామే కంచె వేసుకున్నారు. 1675లో బోస్టన్ ఓడల వడ్రంగులు కొందరు, ఏడేళ్ళ శిష్యరికం పూర్తి చేయకుండా పనిలోకి వచ్చిన ఒకతన్ని గడకర్రపై కూర్చోబెట్టి వీధుల వెంట మోసుకుపోయి యార్డునుంచి తరిమేశారు. కోర్టు వాళ్ళకు జరిమానా వేసింది. మేము చేసింది మా వృత్తి ఆచారమేనని వాళ్ళు వాదించుకున్నారు. కూలి నిలబడాలంటే పనిలోకి వచ్చే దారి ఇరుకుగా ఉండాలన్న ఆలోచనను ఇక్కడే గుర్తుపెట్టుకోండి, ముందుముందు అది చాలా వికారమైన రూపం తీసుకుంటుంది.

నాకు వీటన్నిటికంటె ముఖ్యంగా తోచేది 1741 నాటి సంగతి. ఓడ పలకల సందుల్లో నార కూరి తారు పోసే కాకింగ్ పనివారికి బోస్టన్‌లో ఏళ్ళ తరబడి నగదు బదులు ఫలానా దుకాణంలో సరుకు తీసుకోమని చీటీలు ఇచ్చేవారు. దుకాణదారు తనకు నచ్చిన సరుకు తన ధరకు అంటగట్టేవాడు. ఆ ఏడు వాళ్ళంతా కలిసి ఇకపై చీటీలు తీసుకోబోమని ఒప్పందం చేసుకుని, పత్రికలో ప్రకటించారు. కూలి పెంచమని వాళ్ళు అడగలేదు. కుదిరిన కూలిని డబ్బుగా ఇవ్వమన్నారు, అంతే.

కొయ్యబాడిస:
పాతచిట్టా గారు కాకింగ్ పనివారి ప్రస్తావన తెచ్చారు కాబట్టి పని తీరు గురించి నాలుగు మాటలు రాస్తాను. మాది తాళ్ళరేవు వైపు. కోరంగి ప్రాంతంలో కొయ్య ఓడలు కట్టిన కుటుంబాల నడుమ పెరిగినవాణ్ణి కాబట్టి, పుస్తకాల్లో ఒక్క వాక్యంలో దాటేసే పనులు నాకు కొంచెం విడిగా కనిపిస్తాయి. ఓడల యార్డులో వడ్రంగి ఒక్కడే ఉండడు. దుంగలను కోసేవారు, బాడిసతో వంపు తీసేవారు, బరమాతో బెజ్జాలు పెట్టి కొయ్య మేకులు దించేవారు, కమ్మరులు, మోకులు పేనేవారు, తెరచాపలు కుట్టేవారు, చివరగా కాకింగ్ పనివారు ఉంటారు. ఈ చివరివాళ్ళు పాత మోకులను విప్పి పీచుగా చేసి, ఇనుప ఉలితో, కొయ్య సుత్తితో సందుల్లోకి దట్టిస్తారు. వాళ్ళు చేయి వేయనిదే ఎంత అందమైన ఓడ అయినా నీళ్ళలో నిలవదు. పైగా పాత ఓడలకు ఈ పని మళ్ళీ మళ్ళీ పడుతూనే ఉంటుంది. సరుకు నింపుకుని బయలుదేరవలసిన ఓడ మరమ్మతుకోసం రేవులో ఆగితే వర్తకుడికి రోజుకింత నష్టం. బేరమాడే బలం కాకింగ్ పనివారికి అందుకే ఎక్కువగా ఉండేది, బోస్టన్‌లోనైనా బాల్టిమోర్‌లోనైనా వాళ్ళే ముందుగా సంఘటితమయ్యారు.

ఇక ఈ పనివారిలో చాలామందికి జీతం కాదు, దినకూలి. వాన పడితే కూలి లేదు. శీతకాలంలో పొద్దు చిన్నది కాబట్టి కూలి కూడా తగ్గేది. కలప రాకపోతే పనే ఉండదు. 1794 చట్టం ప్రకారం ఆరు యుద్ధనౌకలు కట్టాలని నిర్ణయించినప్పుడు, జాషువా హంఫ్రీస్ రూపకల్పనకు కావలసిన లైవ్ ఓక్ కలప జార్జియా తీరదీవుల నుంచి రావలసి వచ్చింది. దాన్ని నరకడానికి వెళ్ళిన న్యూ ఇంగ్లండ్ పనివాళ్ళు చలిజ్వరాలతో మంచం పట్టారు. కలప ఆలస్యమైంది, ఓడలూ ఆలస్యమయ్యాయి. ఆ తరువాత, ఎవరిని ఎదుర్కోవడానికి ఆ నౌకలు తలపెట్టారో ఆ ఉత్తరాఫ్రికా రాజ్యం అల్జీర్స్‌తో సంధి కుదరగానే ఆరింటిలో మూడింటి పని ఆగింది. అంతర్జాతీయ రాజకీయం మారితే ఇక్కడ వడ్రంగి పొయ్యి ఆరిపోయే పరిస్థితి. దినకూలి అంకె ఒక్కటే చూసి వాళ్ళు సుఖంగా బతికారని అనుకోవడం పొరపాటు.

పొద్దుపొడుపు:
గౌరవ సభ్యులకు నమస్కారం. నేను కొత్త సభ్యురాలిని. దినకూలి ఎంతో ఒక్క ఉదాహరణ అయినా అంకెల్లో చెప్పగలరా? అలాగే కూలి గురించి మొదలైన చర్చలో పని గంటల ప్రస్తావన ఎందుకు వస్తోందో కూడా వివరించగలరు.

పాతచిట్టా:
మీ రెండో ప్రశ్నకు నేను జవాబిస్తాను. రోజుకింత అని కూలి కట్టినప్పుడు ఆ ‘రోజు’ ఎంత పొడుగన్నదే అసలు బేరం. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకూ పని చేయడం ఆనవాయితీ కాబట్టి, వేసవిలో పద్నాలుగు గంటలు దాటినా అది ఒక రోజే. ఈ పొడవాటి రోజు మధ్యలో ఉదయం పదకొండుకూ, సాయంత్రం నాలుగుకూ రమ్ము తాగడానికి కాసేపు పని ఆపే అలవాటు ఓడల యార్డుల్లో ఉండేది. 1817లో మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో థాచర్ మగూన్ అనే ఓడల నిర్మాత తన యార్డులో రమ్ము నిషేధించాడు. ‘నో రమ్’ అని యార్డంతా రాయించాడు. దీన్ని మద్యనిషేధ ఉద్యమపు తొలి విజయంగా మెచ్చుకుంటూ రాసినవాళ్ళే ఎక్కువ. పనివాళ్ళ వైపు నుంచి చూస్తే, అదే కూలికి ఉన్న రెండు విరామాలూ పోయాయి. కూలి తగ్గించామని ఎవరూ అనలేదు, కాని తగ్గిందనే నా అభిప్రాయం.

న్యూయార్క్ ఓడల పనివాళ్ళు ఈ లెక్కను అందరికంటె ముందు గ్రహించారు. అక్కడ పది గంటల రోజు సాధించుకుని, 1831లో యార్డుల దగ్గర తమ సొంత గంట ఒకటి కట్టించుకున్నారు. పని మొదలయ్యేదీ, ఆగేదీ ఆ గంటను బట్టే. మెకానిక్స్ బెల్ అని దానికి పేరు. యజమాని గడియారాన్ని నమ్మని మనుషులు వాళ్ళు.

పటాప్‌స్కో:
పొద్దుపొడుపు గారి మొదటి ప్రశ్నకు నేను ఉండే బాల్టిమోర్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. 1830ల చివర్లో ఇక్కడ అనుభవమున్న కాకింగ్ పనివాడికి రోజుకు ఒకటిన్నర డాలరు. ఈ అంకె చెప్పినది, తరువాత బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్, 1845లో వెలువడిన తన ఆత్మకథలో. ఆ పని చేసిన రోజుల్లో ఆయన బానిస. ఫెల్స్ పాయింట్‌లో గార్డ్‌నర్ అనే యజమాని యార్డులో పని నేర్చుకుంటూ ఉండగా తెల్ల శిష్యులు కొందరు ఆయనను కన్ను పోయేంతగా కొట్టారు. తరువాత మరో యార్డులో కాకింగ్ నేర్చుకుని, ఏడాది తిరిగేసరికి అందరికంటె అనుభవజ్ఞులకు ఇచ్చే కూలి సంపాదించే స్థాయికి వచ్చాడు. వారానికి ఆరేడు డాలర్లు, ఒక్కోసారి తొమ్మిది. ప్రతి శనివారం రాత్రీ ఆ డబ్బంతా, తనను బానిసగా ఉంచుకున్న యజమాని హ్యూ ఆల్డ్ చేతిలో పెట్టాలి. ఆరు డాలర్లు ఇచ్చిన వారం ఆ యజమాని ఒక్కోసారి ప్రోత్సాహంగా ఆరు సెంట్లు తిరిగి ఇచ్చేవాడట. తన సొమ్ము తనదేనని ఒప్పుకున్నట్టుగానే ఆ ఆరు సెంట్లు తనకు తోచాయని డగ్లస్ రాసుకున్నాడు.

1838లో ఆయన ఇంకో ఏర్పాటు అడిగి సాధించుకున్నాడు. పని తనే వెదుక్కోవాలి, కూలి తనే కుదుర్చుకోవాలి, తిండీ బట్టా పనిముట్లూ తనవే, వారం తిరిగేసరికి యజమానికి మూడు డాలర్లు కట్టాలి. కొయ్యబాడిస గారు వాన పడితే కూలి లేదన్నారు కదా. ఈ ఏర్పాటులో వాన పడినా ఆ మూడు డాలర్లు తప్పవు. ఆ సెప్టెంబరులోనే ఆయన ఉత్తరాదికి పారిపోయాడు. న్యూ బెడ్‌ఫర్డ్ చేరి కాకింగ్ పనికి వెళితే, నల్లవాడితో కలిసి పని చేయబోమని అక్కడి తెల్ల పనివారు భీష్మించారు. చేతిలో పనితనం ఉండి కూడా ఆయన మూటలు మోసి, కట్టెలు కొట్టి బతకవలసి వచ్చింది. ఈ చర్చ శీర్షికలో ‘ఎవరికి’ అన్న మాటను తీరరేఖ గారు మొదటే పెట్టడం నాకు నచ్చింది.

న్యాయపీఠిక:
చట్టం వైపు చూడకుండా తీరరేఖ గారి ప్రశ్నకు పూర్తి జవాబు దొరకదు. కూలి పెంచకపోతే పని చేయబోమని కొందరు కలిసి అనుకోవడమే నేరపూరితమైన కుట్ర అని ఇంగ్లిషు న్యాయసంప్రదాయం చెప్పేది. 1806లో ఫిలడెల్ఫియాలో చెప్పులు కుట్టే పనివారిపై ఈ ఆరోపణ మోపి, దోషులుగా తేల్చి, తలకు ఎనిమిది డాలర్లు జరిమానా వేశారు. తీర్పు చెప్పులవాళ్ళకు వచ్చినా దాని నీడ అన్ని వృత్తులమీదా పడింది. న్యూయార్క్ ఓడల వడ్రంగులు 1803లోనే తమ సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపు పొందారు గాని, అలాంటి గుర్తింపు దక్కేది రోగులకు, వితంతువులకు సాయం చేసే సంఘాలుగానే. కూలి బేరానికి అందులో చోటు లేదు. ఆ కోణంలో చూస్తే 1842 వరకు పరిస్థితి అస్పష్టమే. ఆ ఏడు మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి లెముయెల్ షా, చట్టబద్ధమైన ఉద్దేశంతో చట్టబద్ధమైన పద్ధతిలో సంఘం పెట్టుకోవడం నేరం కాదని తీర్పు చెప్పాడు.

యజమానులు కలిసినప్పుడు మాత్రం కుట్ర మాట వినిపించలేదు. 1832లో బోస్టన్ ఓడల వడ్రంగులూ కాకింగ్ పనివారూ పది గంటల రోజు కోసం పని ఆపినప్పుడు, వర్తకులూ ఓడల యజమానులూ సమావేశమై, సంఘంలో ఉన్నవాడికి పని ఇవ్వకూడదనీ, సంఘంలోని పనివాళ్ళను పెట్టుకునే మేస్త్రికి తమ ఓడల పని ఇవ్వకూడదనీ తీర్మానించుకున్నారు. దీనికోసం వాళ్ళు ఇరవై వేల డాలర్లు పోగేశారని కార్మిక వక్త సెత్ లూథర్ ఆ రోజుల్లోనే సభల్లో ఎండగట్టాడు. కొరత ఇచ్చిన బలాన్ని వర్తకుల ఐక్యత మింగేసిందని నా అభిప్రాయం. ఓడలు కట్టించే నాలుగు కుటుంబాలు ఒక్క గదిలో పడతాయి, పనివాళ్ళు పట్టరు.

సాయంసంధ్య:
1835 సమ్మె గురించి ఎవరూ విపులంగా రాయలేదు కాబట్టి నేను మొదలుపెడతాను. ఫెడరల్ ప్రభుత్వపు పౌర ఉద్యోగులు చేసిన మొదటి సమ్మెగా దీన్ని చెబుతారు. అదే వేసవిలో ఫిలడెల్ఫియాలో షూయిల్‌కిల్ నది రేవు బొగ్గు కూలీలు మొదలుపెట్టిన పది గంటల సమ్మెలో నగరంలోని వృత్తులన్నీ చేరాయి. ఆరు నుంచి ఆరు, అందులో రెండు గంటలు భోజనాలకు, పది గంటలు పనికి అన్నది వాళ్ళ నినాదం. నగర పాలకులు కూడా దిగివచ్చి ఆ పద్ధతి ఒప్పుకున్నారు. ఆ వార్త తెలిసి వాషింగ్టన్ నేవీ యార్డు పనివారిలో ఉత్సాహం పెరిగిన సమయంలో, జులైలో అక్కడ రాగి బోల్టుల దొంగతనం బయటపడింది. కమాండెంట్ కమడోర్ ఐజాక్ హల్ వెంటనే పనివాళ్ళు భోజనం బుట్టలు లోపలికి తేవడంపైనా, భోజన వేళల్లో యార్డులో ఉండటంపైనా ఆంక్షలు పెట్టాడు. బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో ‘కాన్‌స్టిట్యూషన్’ నౌకను నడిపి కీర్తి పొందిన ఆ యోధుడికి, ఒక్కడి తప్పుకు అందరినీ దొంగలుగా చూస్తే వాళ్ళకు ఎలా ఉంటుందో తోచలేదు. జులై 29న పని ఆగింది. పనివాళ్ళు నౌకాదళ మంత్రికీ, అధ్యక్షుడు జాక్సన్‌కూ మొరపెట్టుకున్నారు. పది గంటల కోరిక నెరవేరకుండానే ఆగస్టు 15న సమ్మె ముగిసింది.

వీళ్ళు అడిగినదానిలో గౌరవం కూడా ఉంది. నిజాయితీ గల వృత్తిపనివాణ్ణి నువ్వు బుట్ట తెరిచి చూపించమంటే, ఒక డాలరు ఎక్కువిచ్చినా అది న్యాయమైన కూలి కాదు. ఓడిపోయినా ఈ సమ్మెను నేను గొప్పదిగానే భావిస్తాను.

పటాప్‌స్కో:
సాయంసంధ్య గారూ, ఆగస్టు 15 దగ్గర కథను ఆపడం నాకు సమ్మతం కాదు. ఆ ఆగస్టులోనే, సమ్మెలో ఉన్న పనివాళ్ళు కలిసిన గుంపులు వాషింగ్టన్‌లో నల్లజాతి వారిమీద పడ్డాయి. బెవర్లీ స్నో అనే స్వతంత్ర నల్లజాతీయుడు నడిపే భోజనశాలను ధ్వంసం చేశాయి. పనివాళ్ళ భార్యలను, కూతుళ్ళను అతను కించపరిచాడని ఒక పుకారు సాకు. నల్లపిల్లల బడులు నాశనమయ్యాయి, ఉపాధ్యాయుడు జాన్ కుక్ ఊరు విడిచి పెన్సిల్వేనియాకు పారిపోయాడు. దీన్ని స్నో అల్లర్లు అంటారు. గౌరవం కోసం లేచిన చేతులే ఇతరుల గౌరవాన్ని ఎందుకు కూల్చాయో చెప్పకుండా సమ్మెను మెచ్చుకోలేం.

కొయ్యబాడిస:
పటాప్‌స్కో గారి కోపం సమంజసమే. అయితే దాని వెనుక ఉన్న కూలి లెక్కను కూడా చూడాలి. వాషింగ్టన్ యార్డులో మొదటినుంచీ బానిసలు పనిచేశారు. నౌకాదళ అధికారులూ, యార్డు ఉద్యోగులూ తమ బానిసలను అదే యార్డుకు అద్దెకిచ్చి ఆ కూలి తాము తీసుకునేవారు. నార్ఫోక్‌లో 1827లో మొదలైన రాతి డ్రైడాక్ (ఓడను లోపలికి తెచ్చి, నీళ్ళు తోడేసి బాగుచేసే తొట్టి) పనిలో ఇంజనీరు లోయామి బాల్డ్‌విన్ అద్దె బానిసలతో రాళ్ళు చెక్కించాడు. తెల్ల రాతిపనివాళ్ళు 1830లో నౌకాదళ మంత్రికి ఫిర్యాదు చేశారు. బానిసకు ఇచ్చే అద్దె తమ దినకూలికంటె చాలా తక్కువ కాబట్టి తాము పస్తులుండాలా అని వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్నలో నిజం ఉంది. కాని వాళ్ళు బానిసత్వం పోవాలనలేదు, బానిసను పనిలోంచి తీసేయమన్నారు. కూలి దిగలాగుతున్నది పక్కన రాయి చెక్కుతున్న మనిషి కాదు, ఆ మనిషి కూలిని జేబులో వేసుకుంటున్నవాడు. కోపం మాత్రం దగ్గర ఉన్నవాడిమీదకు మళ్ళింది.

సాయంసంధ్య:
ఈ వివరణను కాదనను. అయినా ఇద్దరికీ కలిపి పోరాడే దారి 1835లో నిజంగా ఉందా? బానిస సమ్మె చేస్తే అతనికి ఎదురయ్యేది కొరడా, లేదా దక్షిణాది వ్యాపారికి అమ్మకం. ఆ స్థితిలో ఐక్యత అడగడం మనం ఈనాటి కొలబద్దతో కొలవడం కాదా?

పటాప్‌స్కో:
కలిసి పోరాడకపోవడం ఒకటి, బడులు కూల్చడం ఇంకొకటి. మొదటిదానికి మీరు చెప్పిన కారణం సరిపోతుంది, రెండోదానికి సరిపోదు. ఈనాటి కొలబద్ద అవసరం కూడా లేదు, ఆనాటి సాక్షే ఉన్నాడు. అదే యార్డులో రంగుల పని చేసిన మైకేల్ షైనర్ బానిసగా ఉన్న కాలం నుంచీ దినచర్య రాశాడు. హల్ ఉత్తర్వుపై తెల్ల పనివారికి కలిగిన అవమానాన్నీ, ఆ తరువాతి అల్లర్లనూ రెండింటినీ ఆయన నమోదు చేశాడు. 1840 మార్చి 31న అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరన్ ప్రభుత్వ పనుల్లో కూలి తగ్గించకుండా పది గంటల రోజును అమలు చేయమని ఉత్తర్వు ఇచ్చాడు. దీనికిగాను దేశంలోని వృత్తిపనివాళ్ళూ కూలీలూ ఆయనను ఎన్నటికీ మరచిపోకూడదని షైనర్ రాశాడు. ఆ వాక్యంలో షైనర్ తెల్లా నల్లా అని విడదీయలేదు.

తీరరేఖ:
ఉత్తర్వు ఎలా వచ్చిందన్న నా ప్రశ్నకు ఇప్పుడు కొంత జవాబు దొరుకుతోంది. 1840 ఎన్నికల సంవత్సరం, 1837 నుంచి దేశం ఆర్థిక సంక్షోభంలో ఉంది, వాన్ బ్యూరన్‌కు పనివాళ్ళ ఓట్లు కావాలి. ఆ ఎన్నికలో ఆయన ఓడిపోయినా ఉత్తర్వు మిగిలింది. ప్రభుత్వమే యజమాని అయిన చోట ఓటుతో బేరమాడవచ్చునని పనివాళ్ళు తెలుసుకున్నారని నాకు అనిపిస్తోంది. ప్రైవేటు యార్డులకు ఈ ఉత్తర్వు వర్తించిందా?

న్యాయపీఠిక:
వర్తించలేదు. ఆ తరువాత వచ్చిన చట్టం బాణాన్ని ఎదురు దిశలో తిప్పింది కూడా. 1861 డిసెంబరులో కాంగ్రెస్ చేసి, 1862 జులైలో సవరించిన చట్టం ప్రకారం, నేవీ యార్డుల్లో కూలి రేటూ, పని గంటలూ ప్రజాప్రయోజనానికి భంగం లేనంతవరకు చుట్టుపక్కల ప్రైవేటు సంస్థలతో సమానంగా ఉండాలి. చూడటానికి న్యాయమే. పక్క యార్డులో కూలి పెరిగితే ఇక్కడా పెరుగుతుంది. పక్కన తగ్గితే ఇక్కడా తగ్గుతుంది. ఏ యార్డులను పోల్చాలో నిర్ణయించేది మళ్ళీ అధికారులే. 1868లో ఎనిమిది గంటల చట్టం వచ్చినప్పుడు గంటలు తగ్గాయి కాబట్టి కూలీ తగ్గించాలని కొందరు అధికారులు భాష్యం చెప్పారు. అలా తగ్గించరాదని 1869 మేలో అధ్యక్షుడు గ్రాంట్ ప్రత్యేకంగా ప్రకటించవలసి వచ్చింది.

పటాప్‌స్కో:
బాల్టిమోర్ సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1865లో ఇక్కడి తెల్ల పనివారు సమ్మె చేసి, నల్లజాతి కాకింగ్ పనివారినీ రేవు కూలీలనూ యార్డుల నుంచి వెళ్ళగొట్టించారు. అప్పుడు ఐజాక్ మయర్స్ అనే కాకింగ్ పనివాడూ, అతని తోటివాళ్ళూ వాటాలు అమ్మి డబ్బు పోగుచేసి, 1866లో చెసపీక్ మెరైన్ రైల్వే అండ్ డ్రై డాక్ కంపెనీ పేరుతో సొంత యార్డు పెట్టుకున్నారు. మూడువందల మందికి పని దొరికింది, సగటున రోజుకు మూడు డాలర్ల కూలి. ఆ తరువాత తెల్లవారిని కూడా పనిలోకి తీసుకున్నారు. 1884 వరకు ఆ కంపెనీ నడిచింది.

పొద్దుపొడుపు:
అందరికీ కృతజ్ఞతలు. డగ్లస్ కాలంలో ఒకటిన్నర డాలరు, 1866లో మూడు డాలర్లు అంటే కూలి రెట్టింపు అయిందని అనుకోవచ్చా?

పాతచిట్టా:
అలా అనుకోకండి. అంతర్యుద్ధంలో ప్రభుత్వం కాగితపు డాలర్లు విరివిగా అచ్చువేయడంతో ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ మూడు డాలర్లతో పిండీ మాంసమూ ఎంత వచ్చేవో లెక్క కట్టాలంటే ఆనాటి బాల్టిమోర్ అంగడి ధరలు చూడాలి. ఆసక్తి ఉంటే వేరే చర్చ ప్రారంభించండి, అందరం పాల్గొందాం.